ప్యారీ మీద చార్లెస్ చేసిన టీవీ ప్రోగ్రామ్ చూశారా? నిజంగా ఇష్టమేనా, లేక పీఆరా (ఉత్త ప్రచారమా)?

సెవెర్న్_ఒడ్డున:

నమస్తే అందరికీ. ఈ విభాగంలో పెట్టొచ్చో లేదో తెలీదు, తప్పయితే మోడరేటర్లు జరిపేయండి.

మేం ఇంగ్లండ్‌లో గ్లాస్టర్ దగ్గర ఉంటాం. మా పాపకి పదకొండేళ్ళు, స్కూల్ క్వయర్‌లో పాడుతుంది. ఈ టర్మ్‌లో వాళ్ళకి హ్యూబర్ట్ ప్యారీ అనే ఆయన కట్టిన 'ఐ వాజ్ గ్లాడ్' నేర్పిస్తున్నారు. పొద్దున బ్రష్ చేసుకుంటూ కూడా అదే పాట, నోట్లో నురగతో. నాకు వెస్టర్న్ క్లాసికల్ అంటే బీథోవెన్, మొజార్ట్, టైటాన్ వాచీ యాడ్, అంతే. కర్ణాటకం అయితే వర్ణాల దాకా వెళ్ళి మానేసిన బాపతు.

సరే ఎవరీ ప్యారీ అని వెతికితే 2011లో బీబీసీ ఫోర్‌లో వచ్చిన 'ది ప్రిన్స్ అండ్ ది కంపోజర్' అనే డాక్యుమెంటరీ దొరికింది. జాన్ బ్రిడ్‌కట్ తీశాడు, అప్పటికింకా యువరాజుగా ఉన్న చార్లెస్ దగ్గరుండి నడిపిస్తాడు. రిబ్బన్ కత్తిరించినట్టు రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోతాడనుకున్నా. కాదు, ప్యారీ వంశంవాళ్ళనీ, పరిశోధకుల్నీ, పాడేవాళ్ళనీ కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడుగుతాడు, వింటాడు. నాకు ముచ్చటేసింది. మా ఆయన మాత్రం "ఆ ఏప్రిల్లోనే కొడుకు పెళ్ళి, మేలో ఈ ప్రోగ్రామ్, అర్థం కావట్లేదా" అన్నారు.

నా డౌట్లు రెండు. ఒకటి, ఈయనకి సంగీతం నిజంగా తెలుసా, లేక ఎవరో రాసిచ్చింది చదివాడా? రెండు, తన పాటలు దేశం మొత్తానికి తెలిసిన మనిషిని పరిచయం చెయ్యడానికి ఒక యువరాజు ఎందుకు కావాల్సొచ్చింది? మూడోది కూడా ఉంది, నాలాంటివాళ్ళు ప్యారీని ఎక్కడ మొదలెట్టాలి?

బాల్కనీటికెట్:

ప్యారీ అంటే చాక్లెట్ కంపెనీ కాదా అండి? చెన్నైలో ప్యారీస్ కార్నర్ ఈయన పేరేనా? 😀

పాతరేడియో:

బాల్కనీ గారూ, ఆయన వేరు. చెన్నై ప్యారీ పేరు థామస్ ప్యారీ, వేల్స్ నుంచి వచ్చిన వర్తకుడు, 1780ల చివర్లో వ్యాపారం పెట్టాడు. తమాషా ఏంటంటే మన హ్యూబర్ట్ ప్యారీ ముత్తాత పేరు కూడా థామస్ ప్యారీయే, ఆయన ఈస్టిండియా కంపెనీలో డైరెక్టరు. ఇద్దర్నీ కలిపేయకండి, కానీ మీ జోకు మరీ గాల్లోది కాదు.

ఇక సెవెర్న్ గారి ప్రశ్న. చార్లెస్‌కి సంగీతం తెలుసు. పండితుడని అనను, తెలుసు అంటున్నా. కేంబ్రిడ్జిలో చదివేటప్పుడు కాలేజీ ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించాడు. ఆగిపోయిన ఆస్థాన హార్ప్ విద్వాంసుల పదవిని 2000లో మళ్ళీ పెట్టించాడు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కి చాలా ఏళ్ళు ప్రెసిడెంటు, ప్యారీ 1895 నుంచి చనిపోయేదాకా, అంటే 23 ఏళ్ళు, డైరెక్టరుగా చేసింది ఆ కాలేజీకే. పైగా చార్లెస్ ఇల్లు హైగ్రోవ్ ఉన్నది మీ గ్లాస్టర్‌షైర్‌లోనే, ప్యారీ పెరిగిన హైనమ్ కోర్ట్ అనే బంగళా మీ ఊరి పక్కనే, రెండు మైళ్ళు. మన భాషలో చెప్పాలంటే మా జిల్లావాడండీ అనే అభిమానం కూడా కొంత ఉండొచ్చు.

మీ ఆయన లెక్కా పూర్తిగా తప్పు కాదు. 2011 ఏప్రిల్ 29న చార్లెస్ కోడలు కేట్ పెళ్ళికి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బే చర్చిలో నడిచొచ్చింది 'ఐ వాజ్ గ్లాడ్'కే. ఆ పెళ్ళిలోనే ప్యారీదే 'బ్లెస్ట్ పెయిర్ ఆఫ్ సైరెన్స్' కూడా పాడారు. ఆ వేడిలో నెల తిరక్కుండా ప్రోగ్రామ్ వేస్తే చూసేవాళ్ళు ఎక్కువ, టీవీవాళ్ళకి ఆ మాత్రం తెలీదా. కానీ పీఆర్ కోసమే అయితే ఎల్గార్ అనే ఇంకో ఇంగ్లీషు కంపోజర్ని పట్టుకునేవాడు కదా, ఆయన జెండాల సంగీతం అందరికీ తెలుసు. పోయి పోయి ఐదు సింఫనీలు రాసి ఒక్కటీ జనం నోట్లో మిగలని మనిషిని ఎందుకు ఎంచుకుంటాడు? నాకు ఆ ఒక్క కారణం చాలు.

రెండో ప్రశ్నకి, ఎందుకు మరుగున పడ్డాడంటే, మొదటి దెబ్బ బెర్నార్డ్ షా కొట్టాడు. నాటకాల షాయే, అప్పట్లో సంగీత విమర్శ రాసేవాడు. ప్యారీ 'జోబ్' అనే బైబిల్ కథ బృందగానం 1892లో వస్తే దాన్ని చీల్చి చెండాడాడు. ప్రొఫెసర్ల సంగీతం, ఎండుగడ్డి అనే ముద్ర అప్పట్నుంచీ వదల్లేదు. తర్వాత 1899లో ఎల్గార్ ఆర్కెస్ట్రాకి రాసిన 'ఎనిగ్మా' వచ్చి వెలుగంతా అటు లాక్కుంది. ఆపైన శిష్యులు. వాన్ విలియమ్స్, హోల్స్ట్, జాన్ ఐర్లండ్, ఫ్రాంక్ బ్రిడ్జ్, హోవెల్స్, అందరూ ఆ కాలేజీలోంచి వచ్చినవాళ్ళే. మంచి గురువుకి పట్టే గతే పట్టింది, శిష్యులు పైకొచ్చారు, గురువు ముందుమాటలో మిగిలాడు.

ఎర్రమందారం:

బాగుంది వరస. ముత్తాత ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు, ఆ ఆస్తితో తండ్రి హైనమ్‌లో కోట లాంటి ఇల్లు కొన్నాడు, కొడుకు ఈటన్‌లో చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి రాజు పట్టాభిషేకానికి పాట కట్టాడు, నూరేళ్ళకి ఇంకో రాజు టీవీలో కూర్చుని ఆహా ఏం సంగీతం అన్నాడు. దొరలు దొరల్ని మెచ్చుకోవడం. ఆ డబ్బు మన దగ్గర్నుంచి పోయిందే కదా, మనం ఇక్కడ కూర్చుని మురిసిపోవడం ఏంటో. సంగీతం బాగుంటే బాగుండొచ్చు, నేను వినలేదు, వినే ఉద్దేశమూ లేదు.

పాతరేడియో:

మందారం గారూ, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందనేది ఒప్పుకుంటా, అందుకే నేనే ముందు చెప్పా. కానీ మిగతాది మీరు ఊహించుకున్నట్టు లేదు. ఆ మనిషి మీ పార్టీకి దగ్గరండీ!

తండ్రికి కొడుకు సంగీతంలోకి పోవడం ఇష్టం లేదు. పెద్దింటి బిడ్డ సరదాగా వాయించుకోవాలి గానీ దాంతో బతకడమేంటని. అత్తగారి వైపు ఇంకా పెద్ద కుటుంబం, వాళ్ళకీ మింగుడు పడలేదు. దాంతో 1870 నుంచి ఏడేళ్ళు లండన్‌లో లాయిడ్స్‌లో ఇన్స్యూరెన్స్ పని చేశాడు. మన ఇళ్ళల్లో ముందు ఇంజనీరింగ్ కానీ తర్వాత నీ వయొలిన్ చూద్దాం అనరూ, సరిగ్గా అదే. పొద్దుటంతా ఓడల ఇన్స్యూరెన్సు, సాయంత్రం డాన్‌రాయ్టర్ అనే పియానిస్టు దగ్గర పాఠం. ఆ ఉద్యోగం వదిలాకే మనిషి బయటపడ్డాడు.

పాతికేళ్ళకే నాకు చర్చి సిద్ధాంతాల మీద నమ్మకం లేదని తండ్రికి తేల్చి చెప్పాడు. తండ్రి అంటే సామాన్యుడు కాదు, చనిపోయిన భార్య జ్ఞాపకంగా హైనమ్‌లో చర్చి కట్టించి, గోడల మీద బొమ్మలన్నీ తన చేత్తో వేసుకున్న భక్తుడు. (హ్యూబర్ట్ పుట్టిన పన్నెండో రోజున తల్లి క్షయతో పోయింది.) ఆ ఇంట్లో ఆ మాట అనడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. రాజకీయంగా లిబరల్, అందులోనూ కాస్త తీవ్రమైన వైపు. ఇంగ్లీషువాడికీ ప్రజాస్వామ్యవాదికీ తగినట్టు బృందగానం రాయమని తనకి సలహా ఇచ్చాడని వాన్ విలియమ్స్ తర్వాత రాసుకున్నాడు. చూడండి, బృందగానం ఆయనకి దర్బారు సొమ్ము కాదు, పదిమంది కలిసి పాడుకునేది.

ఆయన కట్టిన 'జెరూసలెం' అనే పాట కథ అన్నిటికన్నా పెద్దది. 1916లో యుద్ధం మధ్యలో, జనానికి ధైర్యం చెప్పే ఫైట్ ఫర్ రైట్ అనే ఉద్యమం కోసం విలియం బ్లేక్ అనే పాత కవి పద్యానికి వరస కట్టమని రాబర్ట్ బ్రిడ్జెస్ అనే కవి అడిగాడు. కట్టి ఇచ్చాడు. ఏడాదిలోనే ఆ ఉద్యమం వాళ్ళ దేశభక్తి ధోరణి నచ్చక బయటికొచ్చేశాడు. జర్మన్ సంగీతం తిని పెరిగిన మనిషి, జర్మన్ కంపోజర్ బ్రామ్స్ పోతే ఎలిజీ (శోక సంగీతం) రాసుకున్నాడు, ఆ జర్మనీతోనే యుద్ధం. లోపల ఎంత నలిగిపోయి ఉంటాడో. తర్వాత ఆ పాటని ఆడవాళ్ళ ఓటుహక్కు ఉద్యమం అడిగింది. ఎగిరి గంతేసి ఒప్పుకుని, 1918 మార్చిలో వాళ్ళ కచేరీ కోసం ఆర్కెస్ట్రాకి రాసి, కాపీరైట్ కూడా వాళ్ళ సంఘానికే ఇచ్చేశాడు. 1928లో ఆ సంఘం మూతపడితే హక్కులు విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే ఇంకో ఆడవాళ్ళ సంఘానికి వెళ్ళాయి. అంటే రగ్బీ మ్యాచుల్లో మగాళ్ళు గొంతు చించుకుని పాడే ఆ పాట 1968 దాకా ఆడవాళ్ళ ఆస్తి.

ఇప్పుడు చెప్పండి, ఇది దొర మెచ్చే దొర కథేనా? రాజకుటుంబం తన పండగలకి వాడుకునే పాటల వెనక ఇలాంటి మనిషి ఉన్నాడని ఆ కుటుంబంలోవాడే వెళ్ళి తెలుసుకుని చూపించడం నాకు ఆ ప్రోగ్రామ్‌లో నచ్చింది.

ఎర్రమందారం:

ఓటుహక్కు సంగతి తెలీదు. ఆ పాట ఒకటి వింటాను. ఈస్టిండియా కంపెనీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఆల్టో_ఆంటీ:

సెవెర్న్ గారూ, మీ పోస్టు చూసి ఆగలేక రాస్తున్నా. సికింద్రాబాద్‌లో మా చర్చి ఇంగ్లీష్ సర్వీసు క్వయర్‌లో నేను ఇరవై రెండేళ్ళుగా ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు, పాడుతున్నా. మాకు ప్యారీ పేరు తెలీకముందే ప్యారీ తెలుసు. 'డియర్ లార్డ్ అండ్ ఫాదర్ ఆఫ్ మ్యాన్‌కైండ్' అనే పాటకి రెప్టన్ అనే ట్యూన్ ఉంటుంది, అది ఆయన 1888లో రాసిన 'జూడిత్' అనే బైబిల్ కథ బృందగానంలోంచి తీసిందే. సమాధుల దగ్గర ఎన్నిసార్లు పాడామో.

'ఐ వాజ్ గ్లాడ్' మేం ఒక్కసారే పాడాం, ఆ నెల మొత్తం టెన్షన్. మాట 122వ కీర్తన, మన తెలుగు బైబిల్లో 'నేను సంతోషించితిని' అని ఉంటుందే, అదే. ముందు ఆర్గన్ ఒక్కటే మొదలవుతుంది, మెట్లు ఎక్కినట్టు పైకి పైకి వెళ్తుంది, మనం పుస్తకం పట్టుకుని ఊపిరి పీల్చి నిలబడి ఉంటాం. అప్పుడు అందరం ఒక్కసారిగా 'ఐ' అనాలి. మెల్లిగా చేరుకోవడం ఉండదు, మొదటి అక్షరమే పూర్తి గొంతుతో. మా ప్రాక్టీసులో ప్రతిసారీ ఇద్దరు ముందు, నలుగురు వెనక. మా క్వయర్‌మాస్టర్ చివరికి 'మీరు సంతోషించినట్టు లేదమ్మా, బస్సు తప్పిపోయినట్టుంది' అన్నారు.

మధ్యలో క్వయర్ రెండుగా చీలిపోతుంది, ఇటువాళ్ళు ఒక మాట, అటువాళ్ళు ఒక మాట, బంతి విసురుకున్నట్టు. ఆ తర్వాత పట్టాభిషేకాల్లో అయితే వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్ పిల్లలు 'వివాట్' అని రాజు పేరు పెట్టి అరుస్తారు, అంటే జయము జయము అని. మామూలు చర్చిల్లో అది వదిలేస్తారు. వెంటనే అంతా నెమ్మదించిపోయి, 'ఓ ప్రే ఫర్ ద పీస్ ఆఫ్ జెరూసలెం' అని కొద్దిమంది గొంతులే, ఎవరో పక్కగదిలో ప్రార్థన చేసుకున్నట్టు. అంత అరిచాక వచ్చే ఆ నిశ్శబ్దం చూడండి, నాకిప్పటికీ అక్కడ మాట పెగలదు. చివర సోప్రానోలు (పై గొంతువాళ్ళు) పైకి వెళ్ళే చోటు మీ పాపకి కష్టం, ముందు రోజు ఐస్‌క్రీమ్ పెట్టకండి.

పాతరేడియో:

ఆంటీ గారూ దండం, నేను పది పేరాల్లో చెప్పలేనిది ఆ బస్సు మాటలో వచ్చింది.

మొదటిసారి ఏమైందో కూడా చెప్పాలి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం కోసం కట్టాడు. జూన్ 26న జరగాల్సింది రాజుకి కడుపులో చీముగడ్డ లేచి ఆపరేషన్ అయి ఆగస్టు 9కి పోయింది. తీరా ఆ రోజు సంగీతం చూసుకుంటున్న ఫ్రెడరిక్ బ్రిడ్జ్ టైమింగ్ తప్పాడు, రాజుగారు రాకముందే పాట అయిపోయింది! ఆర్గన్ దగ్గరున్న ఆల్‌కాక్ ఏదో అప్పటికప్పుడు అల్లుతూ సందు పూడ్చాడు, రాజు గుమ్మంలోకి రాగానే మళ్ళీ పాడారు. మన పెళ్ళిళ్ళలో ముహూర్తం దాటకముందే గట్టిమేళం కొట్టేస్తే ఎలా ఉంటుందో అలా. ఇప్పుడు ఆంటీ చెప్పిన మెట్ల ఆర్గన్ 1911లో ఐదో జార్జ్ పట్టాభిషేకానికి మార్చి రాసింది. అప్పట్నుంచి ఏ పట్టాభిషేకంలోనూ వదల్లేదు. 2023 మే 6న చార్లెస్ లోపలికి వచ్చింది దానికే, 'వివాట్ రెజీనా కమిల్లా, వివాట్ రెక్స్ కరోలస్' అని అరిచారు. డాక్యుమెంటరీ చేసిన పన్నెండేళ్ళకి తన పాట తనకే. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఆ పాటలో ఎక్కడేం వస్తుందో అంతా తెలిసి నడిచిన రాజు ఈయనొక్కడే అయ్యుంటాడని నా అనుమానం.

మైసూరుపాక్:

రాజులు, కంపోజర్లు అనేసరికి మా ఊరాయన గుర్తొచ్చాడు. నాన్నగారి ఉద్యోగం వల్ల మైసూరులో పెరిగిన తెలుగువాణ్ణి. మైసూరు మహారాజు జయచామరాజ ఒడెయార్ గురించి మీలో ఎంతమందికి తెలుసు? మెట్నర్ అనే రష్యన్ కంపోజర్ లండన్‌లో ముసలితనంలో ఎవరికీ పట్టకుండా ఉంటే, 1940ల్లో ఆయన పేర ఒక సొసైటీ పెట్టి రికార్డులు చేయించాడు మన మహారాజు. జర్మన్ కంపోజర్ రిచర్డ్ స్ట్రాస్ ఆఖరి నాలుగు పాటలు 1950 మే 22న లండన్ ఆల్బర్ట్ హాల్లో మొదటిసారి వినిపించాయంటే డబ్బు పెట్టిందీ ఈయనే. మళ్ళీ ఇంటికొచ్చి శ్రీవిద్య ముద్రతో 94 కృతులు కట్టుకున్నాడు. మన వైపు చూస్తే విజయనగరం రాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు.

అందుకే చార్లెస్ చేసింది నాకు కాస్త పల్చగా అనిపిస్తుంది. చచ్చిన తొంభై ఏళ్ళకి పొగడ్డం సులువండీ, ఖర్చు లేదు, ఆయనేం ఎదురు మాట్లాడడు. బతికున్నవాడికి అన్నం పెట్టడం ఇంకో సంగతి.

పాతరేడియో:

పాక్ గారూ మంచి మాటే, ఒక్కటి మాత్రం కలుపుతా. పట్టాభిషేకానికి బతికున్నవాళ్ళ చేత పన్నెండు కొత్తవి రాయించారు కదా, అది చార్లెస్ ఖాతాలో వెయ్యాలి. అయినా మెట్నర్ లెవెల్ కాదులెండి.

సెవెర్న్ గారూ, మీ మూడో ప్రశ్న మర్చిపోయాం. సింఫనీలతో మొదలెట్టకండి, విసుగొచ్చి నన్ను తిడతారు. ముందు 'లేడీ రాడ్నర్స్ సూట్', 1894ది, తీగ వాయిద్యాలే, చిన్న చిన్న ముక్కలు, వంట చేసుకుంటూ వినొచ్చు. అది నచ్చితే 'బ్లెస్ట్ పెయిర్'. ఆ తర్వాత ఒక రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, 'సాంగ్స్ ఆఫ్ ఫేర్‌వెల్'. వాయిద్యాలు లేకుండా ఉత్త గొంతులతో ఆరు పాటలు, గుండెజబ్బుతో రోజులు దగ్గర పడ్డాయని తెలిసినవాడు రాసినవి, చుట్టూ కాలేజీ కుర్రాళ్ళు యుద్ధానికి పోయి తిరిగి రావట్లేదు. 1918 అక్టోబర్ 7న స్పానిష్ ఫ్లూతో పోయాడు, యుద్ధం ఆగడానికి నెల ముందు. ఐదో సింఫనీ అన్నిటికన్నా చివర.

'జెరూసలెం' వినేటప్పుడు ఒక్క చోట చెవి పెట్టండి. వరస రాసిన కాగితం వాల్‌ఫర్డ్ డేవీస్ అనే తోటి సంగీతకారుడి చేతికిచ్చేటప్పుడు ప్యారీ నోటితో ఏమీ చెప్పలేదట, రెండో చరణంలో 'ఓ క్లౌడ్స్ అన్‌ఫోల్డ్' దగ్గర లయ కాస్త విరిగే చోట ఒక్క స్వరం మీద వేలు పెట్టి చూపించాడట. పాట మొత్తంలో ఆయన అపురూపంగా చూసుకున్నది ఆ ఒక్క 'డి' స్వరమే అని డేవీస్ తర్వాత రాశాడు. మనవాళ్ళు ఒక సంగతి దగ్గర ఊ అని తల ఊపుతారే, అలాంటిది.

సెవెర్న్_ఒడ్డున:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. శనివారం హైనమ్ వెళ్ళొచ్చాం, ఇంటి నుంచి కారులో పది నిమిషాలు, ఇన్నాళ్ళూ పక్కనుంచే పోతున్నాం! చర్చి లోపల చీకటి, కళ్ళు అలవాటు పడ్డాక గోడల మీద బొమ్మలు ఒక్కొక్కటే తేలాయి. పాతరేడియో గారు చెప్పిన తల్లి కథ పాపకి కారులో చెప్పా, లోపల చాలాసేపు మాట్లాడలేదు. బయటికొచ్చాక "మరి ఆయన సంతోషం అనే పాట అంత గట్టిగా ఎలా రాశాడమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు, చిప్స్ కొనిపెట్టా.

మా ఆయన ప్రోగ్రామ్ చివరిదాకా చూశారు. పీఆర్ కాదని ఒప్పుకోలేదు, కానీ లాయిడ్స్ ఉద్యోగం ముక్క విని తన తబలా ఎక్కడుందని అడిగారు. అటక మీదుంది.

కచేరీ వచ్చే గురువారం. ఆంటీ గారూ, ఐస్‌క్రీమ్ బంద్. వివాట్‌లు వాళ్ళ స్కూల్లో కూడా వదిలేస్తున్నారట, పిల్లలందరికీ అదే బాధ, అరవడానికి దొరికిన ఒక్క చోటూ తీసేశారని. అందుకని ఇంట్లో కానిచ్చేస్తోంది. నాలుగేళ్ళ తమ్ముడు మెట్లు దిగుతుంటే కింద నిలబడి 'వివాట్ రెక్స్ చిన్నూ' అని అరుస్తోంది, వాడేమో అదేదో తిట్టనుకుని ఏడుస్తున్నాడు.